ఒక్క నెత్తుటి బొట్టు – నూరేళ్ళ పరీక్ష

కోదాడనుండి మిర్యాలగూడకు పోవు దారిలో హుజూర్‌నగర్ ఉన్నది. సాయంకాలము పొద్దు వాలు వేళ ఆ దారిని పోవువారికి రెండు ప్రక్కల పచ్చని వరిమళ్ళు, వాని నడుమ నిండుగా పారు పిల్లకాలువలు కన్నులపండువుగా నుండును. ఒకనాడు ఇది జొన్నకు, ఆముదమునకు పేరుపొందిన మెట్టనేల. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరము నీరు కాలువలలోనికి విడువబడిన పిమ్మట ఈ సీమ ముఖమే మారిపోయినది. కాని చీకటి పడగానే మరియొక సంగీతము మొదలగును. అది దోమల సంగీతము. ఆ పాట వినని యిల్లు తెలుగునాట లేదు గనుక దానిని వర్ణింప బని లేదు.

ఆ రాత్రి దోమ కుట్టినది. పది పన్నెండు దినములకు చలి, వణకు, జ్వరము వచ్చినవి. ఇది మలేరియాయా, మరియొకటియా? ఈ ప్రశ్నకు జవాబు రోగి నెత్తుటి బొట్టులో ఉన్నది. ఆ బొట్టుచేత మాటాడించుటకు మనవారు, పైవారు పడిన పాట్ల చరిత్రను నేడు కొంత ముచ్చటింపదలచినాము. ఆ చరిత్రలో ఒక ముఖ్యఘట్టము మన సికింద్రాబాదులోనే జరిగినది.

1880 నవంబరు 6వ తేదీన ఆల్జీరియాలోని కాన్‌స్టంటైన్ పట్టణమున లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు మలేరియా రోగి రక్తమును సూక్ష్మదర్శినిలో పరికించి, ఎఱ్ఱకణములలో కదలాడు పరాన్నజీవిని చూచినాడు. జ్వరము చెడుగాలివలన కాక ఒక ప్రాణివలన వచ్చునని అట్లు తేలినది. కాని ఆ ప్రాణి ఒకరి యొడలినుండి మరియొకరి యొడలికి ఎట్లు చేరుచున్నది? దోమలవలననేమో యని లండనులో పాట్రిక్ మాన్సన్ అనుమానించినాడు. ఆ అనుమానమును మూటగట్టుకొని, 1895లో సికింద్రాబాదు దండుకు వచ్చిన వైద్యుడు రోనాల్డ్ రాస్. ఈయన అల్మోరాలో పుట్టినవాడు. 19వ మద్రాసు పదాతిదళమునకు వైద్యుడు.

రాస్ పడిన శ్రమను తలచుకొన్న జాలి కలుగును. నడుమ బెంగుళూరులో కలరా పని మీద పోవలసివచ్చినది. ఊటకమండ్ ప్రాంతమునకు పోయి తానే మలేరియా తెచ్చుకొన్నాడు. తిరిగి వచ్చి బేగంపేటలోని చిన్న ఆసుపత్రిలో కూర్చుండి దోమలను కోయుచుండెడివాడు. వేసవి యుక్క సహింపరానిది. పంకా లాగించిన దోమలు ఎగిరిపోవును. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవి; మిగిలిన ఒక్క కంటియద్దము పగిలియున్నది. అన్నిటికంటె పెద్ద చిక్కు, ఆయన కోయుచుండిన దోమలు మలేరియాను మోయని జాతివి. వేయి కోసినను ఏమి కనబడును?

1897 ఆగస్టులో ఆయన పరిచారకులు తెచ్చిన పురుగులనుండి చుక్కల రెక్కల గోధుమవన్నె దోమలు పుట్టినవి. అవి నేడు మనము అనాఫిలీస్ అనుచున్న జాతివి. హుస్సేన్ ఖాన్ అను రోగిని దోమతెరలో పరుండబెట్టి, ఆగస్టు 16న వానిచేత ఆ దోమలను కుట్టించుకొనిరి. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున పది దోమలకు పది అణాలు వానికి ముట్టినవి. నాలుగు దినములు గడచిన పిమ్మట, ఆగస్టు 20వ తేదీన, రాస్ ఒక దోమ కడుపు గోడపై గుండ్రని కణములను, వానిలో మలేరియా రక్తములో కనబడు నల్లని రంగురేణువులను చూచినాడు. మరునాడు కోసిన దోమలో ఆ కణములు మరికొంత పెరిగి కనబడినవి. ఇంకేమి కావలెను? నాటి సంగతిని ఆయన డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించినాడు. అప్పటికే ప్రభుత్వమువారు ఆయనను రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసియుండిరి! మలేరియాను కనుగొన్నవానిని మలేరియా లేని చోటికి పంపుట ఉద్యోగ ధర్మములలో నొకటి కాబోలు. తరువాత కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి కథను పూర్తి చేసినాడు. 1902లో నోబెల్ బహుమానము పొందినాడు. బేగంపేటలోని ఆ భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి రాస్ పరాన్నజీవి శాస్త్ర సంస్థగా పేరుపొందినది.

రాస్ పేరు ప్రపంచమునకు తెలియును. పది అణాలకు చేయి చాచి కుట్టించుకొన్న హుస్సేన్ ఖాన్‌ను తలచువారు తక్కువ. రక్తము నిచ్చినవాడు అతడే గదా!

రాస్ చేసిన మరియొక మేలు ఉన్నది. 1903లో ఆయన దళసరి రక్తపు పూత పద్ధతిని ప్రకటించినాడు. గాజు పలకపై రక్తమును పలుచగా పూసిన పరాన్నజీవి రూపము స్పష్టమగును గాని, చూడబడు రక్తము మిక్కిలి తక్కువ. దళసరిగా పూసి, ఎఱ్ఱకణముల రంగును నీటితో పోగొట్టినచో కొద్ది వైశాల్యములోనే ఎక్కువ రక్తమును వెదకవచ్చును. ఆనాటినుండి నేటి వరకు మలేరియా పరీక్షకు ఒకే గాజు పలకపై ఒకప్రక్క దళసరి పూత, ఒకప్రక్క పలుచని పూత వేయుట వాడుకయైనది. రంగు వేయుటకు 1904లో గీమ్సా అను జర్మను శాస్త్రజ్ఞుని ద్రావకము వచ్చినది. మన దేశములో జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అనువారు 1944లో తయారుచేసిన చౌకయైన రంగు మన మలేరియా ప్రయోగశాలలన్నిటను చిరకాలము వాడబడినది.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమగునాటికి దేశములో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చుచుండెనని, ఎనిమిది లక్షల మంది చనిపోవుచుండిరని అంచనా. 1958లో నియంత్రణము నిర్మూలనముగా మారినది. డి.డి.టి. చల్లుట ఒక చేయి, రక్తము తీయుట రెండవ చేయి. పదివేల జనాభాకు ఒక కార్యకర్త. పదునైదు దినముల కొకమారు ఇల్లిల్లు తిరుగవలెను. సూది, దూది, స్పిరిటు సీసా, గాజు పలకల పెట్టె భుజమునకు తగిలించుకొని వచ్చి "మీ యింట ఎవరికైనను జ్వరమున్నదా?" అని అడిగి, వచ్చిన తేదీని గోడపై వ్రాసి పోయెడివాడు. పెద్దవారికి ఆ గోడగుర్తులు జ్ఞాపకముండవచ్చును. సున్నము వేసినప్పుడు ఆ యంకెలు చెరపక మిగిల్చిన యిండ్లను మేమే చూచినాము. పిల్లలు లెక్కలు నేర్చుకొనుటకు అవి పనికివచ్చెడివి!

జ్వరమున్నవాని వ్రేలు పొడిచి బొట్టు తీసి, వెంటనే పెద్దవారికి నాలుగు క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చుట ఆనాటి పద్ధతి. ఆ మాత్రలు జవాబు రాకముందే ఇచ్చు ఊహా చికిత్స. గాజు పలక ప్రయోగశాలకు పోవలెను, రంగు వేయవలెను, ఒకరు కన్ను రెప్ప వాల్చక చూడవలెను, ఫలితము తిరిగి ఊరు చేరవలెను. అంతలో వారములు గడచెడివి. రక్తములో పరాన్నజీవి ఉన్నదని తెలిసి కార్యకర్త రెండవ మందు పట్టుకొని వచ్చుసరికి ఆ కూలివాడు నాట్లకు మరియొక ఊరు పోయియుండును. దోమ మాత్రము ఎవరి ఫలితము కొరకును వేచియుండదు. నెత్తుటి బొట్టునకు, జవాబునకు నడుమ గల ఈ యెడమే మా కథకు ప్రాణము. తరువాత వచ్చిన పరీక్షలన్నియు ఈ యెడమును తగ్గించుటకు పుట్టినవే.

అయినను ఆ గాజు పలకలే అద్భుతము చేసినవి. 1965 ప్రాంతమునకు ఏడున్నర కోట్లు లక్షకు దిగినవి. అప్పుడే మనవారికి నిశ్చింత కలిగినది. నిశ్చింత వెనుక అశ్రద్ధ వచ్చినది. డి.డి.టి.కి దోమలు లొంగకుండినవి. మందులు, సామగ్రి వేళకు అందకుండినవి. పట్టణములలో మలేరియా పెరిగినది. 1976లో రోగుల సంఖ్య 64 లక్షలకు ఎగబ్రాకినది. సరిగా ఆ దశాబ్దముననే హుజూర్‌నగర్, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో కాలువ నీరు పారసాగినది. ఈ రెంటిని ఒకే త్రాటితో కట్టుట న్యాయము కాదు. దేశమంతట జరిగిన దానికి కాలువలు కారణము కావు. అయినను పల్లెలలో మలేరియాను ముఖ్యముగా మోయు అనాఫిలీస్ క్యూలిసిఫేసీస్ అను దోమకు మెల్లగా పారు స్వచ్ఛమైన నీరు, కాలువ గట్ల ఊట గుంటలు ఇష్టమన్న మాట మరువరాదు. అన్నము పెట్టు నీటిని ఎవరు వలదందురు? నీరు వచ్చిన చోటికి నెత్తుటి పరీక్షయు రావలెను.

కాలువ నీరు మలేరియా దోమది. మురుగునీరు బోదకాలు దోమది. క్యూలెక్స్ అను ఈ రెండవ దోమకు ఊరి మురుగు కాలువలు, మరుగుదొడ్ల తొట్లు పుట్టిల్లు. నల్లగొండ సీమకు బోదకాలు క్రొత్త కాదు. 2018లో తెలంగాణ ప్రభుత్వము ఈ వ్యాధి పీడితులకు నెలసరి పింఛను ప్రకటించినది, అంతమంది ఉన్నారన్నమాట. ఈ రోగపు పరీక్ష చరిత్ర ఒక వింత. దాని సూక్ష్మమైన పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల నాళములలో దాగి, రాత్రి మాత్రమే పైనాళముల రక్తములోనికి వచ్చును. కుట్టు దోమ రాత్రి వచ్చును గనుక పురుగునకును రాత్రియే పని. చీనాలోని అమోయ్‌లో పనిచేసిన మాన్సనే ఈ గడియార లెక్కను కనుగొన్నవాడు.

కనుక 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలైనపుడు రక్తమును రాత్రి ఎనిమిదిన్నర మొదలు నడిరేయి దాక తీయవలసివచ్చినది. పగలెల్ల మడిలో వంగి పనిచేసి, అన్నము తిని పడుకొన్న మనిషిని లేపి, లాంతరు వెలుతురున వ్రేలు పొడిచిన ఎవరు సంతోషింతురు? కుక్కలు మొరుగును, పసిపిల్లలు ఏడ్చును, అత్తగారు తలుపు తీయరు. అందులోను బోదకాలు రానివానిని, ఆరోగ్యముగా నున్నవానిని లేపి "నీ నెత్తురు కావలెను" అనుట! రోగలక్షణములు కనబడని వారి రక్తములోనే పురుగు పిల్లలు విశేషముగా నుండుననియు, కాలు వాచిన వారిలో తరచు కనబడవనియు ఊరివారికి నచ్చజెప్పుట ఎంత కష్టమో ఆ సిబ్బందికే తెలియును. మేము వారిని పొగడుటకు సిద్ధము.

1990వ దశకములో రక్తమునందు పురుగు విడుచు పదార్థమును గుర్తించు కాగితపు పట్టీ పరీక్ష వచ్చినది. ఆ పదార్థము బ్రతికియున్న పెద్ద పురుగునుండి వచ్చునది గనుక పగలు రాత్రి భేదము లేదు. వ్రేలినుండి మూడు నాలుగు బొట్లు తీసి పట్టీపై వేసిన పది నిమిషములలో గీత కనబడును. అర్ధరాత్రి తలుపు తట్టవలసిన పని తగ్గినది. ఇప్పుడు ఆరేడేండ్ల బాలబాలికలకు బడిలో పగటిపూటనే ఈ పరీక్ష చేసి, మందులు పంచిన జిల్లాలలో వ్యాధి వ్యాపించుట ఆగినదా లేదా తేల్చుకొందురు. చిన్నపిల్లలలో పురుగు లేకున్న, క్రొత్తగా అంటుట లేదని అర్థము.

పరీక్షయే అక్కరలేని పరాన్నజీవి కూడ ఒకటి మన పల్లెలను పీడించినది. అది నారికురుపు. దిగుడు బావుల నీరు త్రాగిన తరమువారికి కాలి పుండునుండి పుల్లకు చుట్టి లాగు మూరెడు పురుగు మరపునకు రాదు. దానిని గుర్తించుటకు వైద్యుడు వలదు, చూచినవాడే చెప్పగలడు. అందుకే కాబోలు, టీకా గాని మందు గాని లేకయే, నీటిని వడగట్టుటచేతనే అది దేశమును విడిచినది. 1996 జులైలో రాజస్థానమున కడపటి రోగి కనబడినాడు. 2000 ఫిబ్రవరిలో భారతదేశము దానినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది. కంటికి కనబడు శత్రువు త్వరగా పోవును. కనబడని శత్రువే చిక్కు.

ఎంతవరకు కనబడదో లెక్క చూతము. పరీక్షకుడు దళసరి పూతలో నూరు క్షేత్రములు చూచి "లేదు" అని వ్రాయును. ఆ నూరు క్షేత్రములలోని రక్తము మైక్రోలీటరులో ఐదవ వంతు మాత్రమే. మైక్రోలీటరనగా సన్నని ఆవగింజంత. పెద్దవాని ఒడలిలో ఐదు లీటర్ల రక్తము, అనగా ఏబది లక్షల మైక్రోలీటర్లు ఉండును. ఆవగింజంత రక్తమునకు ఒక్క పరాన్నజీవి చొప్పున ఉన్న మనిషి ఒడలిలో ఏబది లక్షల పరాన్నజీవులున్నను, సూక్ష్మదర్శినికి అతడు నిరోగిగానే తోచవచ్చును! పాపము, అతనికి జ్వరము కూడ ఉండకపోవచ్చును. అతని నెత్తురు త్రాగిన దోమ మాత్రము వ్యాధిని కొనిపోవచ్చును.

మలేరియాకు పట్టీ పరీక్షలు 1990వ దశకములోనే వచ్చినవి. విద్యుత్తు లేని తండాలో ఆశా కార్యకర్త పావుగంటలో జవాబు చెప్పగలిగినది. ఊహా చికిత్సకు కాలము చెల్లినది. ఇది చిన్న మార్పు కాదు. అయినను వీనికి రెండు లోపములు. మైక్రోలీటరునకు నూరు రెండు నూర్ల పరాన్నజీవులకు తక్కువైన పట్టీ మూగబోవును. మఱియు ఫాల్సిపారమ్ మలేరియా విడుచు ఒకానొక మాంసకృత్తును అది వెదకును. రోగము నయమైన పిమ్మట కూడ ఆ పదార్థము వారముల తరబడి రక్తములో నిలిచి, ఉన్నదని అబద్ధము చెప్పించును. అంతకంటె వింత, ఆ మాంసకృత్తును తయారుచేయు జన్యువునే పోగొట్టుకొన్న పరాన్నజీవులు పెరూ దేశములో ఉన్నవని 2010లో ప్రకటితమైనది. పోలీసులు టోపీ గుర్తు చెప్పి వెదకుచుండగా దొంగ టోపీ తీసివేసినట్లు!

ఇక జన్యువునే వెదకవలెను. 1983లో కాలిఫోర్నియాలో కారీ మల్లిస్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఊహించిన పి.సి.ఆర్. పద్ధతి అందుకు దారి చూపినది. 1993లో ఆయనకు నోబెల్ వచ్చినది. దీని కీలకము సులభము. పరాన్నజీవి డి.ఎన్.ఏ. తునకను వేడిచేసి రెండు పోగులుగ విడదీసి, చల్లార్చి, ఒక్కొక్క పోగునకు జత నేయించుట. మరల వేడి, మరల చల్లదనము. ఒకటి రెండగును, రెండు నాలుగగును. ముప్పదిమార్లు తిరుగుసరికి ఒకటి 107 కోట్లగును. మిర్యాలగూడ మిల్లులవారికి తెలియునట్లు చెప్పవలెనన్న, ఒక్క సన్నవడ్ల గింజ ముప్పదిమార్లు ఇబ్బడియైన ఒకటి రెండు లారీల ధాన్యమగును. గడ్డివాములో సూదిని వెదకుట మాని, గడ్డివామంత సూదులను చేయుట ఇది.

కాని ఈ యంత్రమునకు చల్లని గది, ఎడతెగని విద్యుత్తు, శిక్షణ పొందిన చేయి కావలెను. అది నగరమునకు తగినది. నెత్తుటి బొట్టు మరల బస్సెక్కి పోవలసినదే. రాస్ కాలపు ఎడము మరల ఎదురైనదన్నమాట. 2000లో జపానువారు లాంప్ అను పద్ధతిని ప్రకటించి ఒక చిక్కు విప్పినారు: ఎక్కించు దింపు వేడి లేకయే, 65 డిగ్రీల ఒకే వేడిలో గంటసేపటికి డి.ఎన్.ఏ. పెంపొందును, గొట్టములోని ద్రవము మసకబారుట కంటికే తెలియును. మన దేశములో బెంగుళూరు బిగ్‌టెక్ ప్రయోగశాల, గోవాలోని మోల్బియో సంస్థ కలిసి ట్రూనాట్ అను చిన్న యంత్రమును తయారుచేసినవి. అది బ్యాటరీతో నడచును, చేతిపెట్టెలో ఇముడును, గోరంత చిప్పుపై పి.సి.ఆర్. జరిగి సుమారు గంటలో జవాబు వచ్చును. మలేరియాకు దాని చిప్పులు తయారైనవి. 2016లో ఆ పరీక్ష పనితీరు శాస్త్ర పత్రికలో ప్రకటితమైనది. అయితే దానికి పేరు తెచ్చినది క్షయ. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయ పరీక్షకు దానిని అంగీకరించినది; ఆ యేడే కరోనా వచ్చుటచే చిన్న ఆసుపత్రులకు సహితము ఆ యంత్రములు చేరినవి. క్షయ కొరకు వచ్చిన యంత్రమున మలేరియా చిప్పును ఉంచుట సాధ్యమే. యంత్రము కొనుటకంటె చిప్పులను వేళకు తెప్పించుట, వానిని వాడు మనిషికి జీతమిచ్చుట కష్టమని మా అభిప్రాయము. 1970లలో మలేరియాను తిరిగి రప్పించినది శాస్త్రలోపము కాదు, సరఫరా లోపమే గదా! సూక్ష్మదర్శిని పనివానిని ఇంటికి పంపవలెనను వారితో కూడ మేము ఏకీభవింపము. పరాన్నజీవి ఏ జాతిదో, ఎంత ఉన్నదో, మందుకు తగ్గుచున్నదో రూపాయి రెండు రూపాయల రంగుతో కన్నుచూచి చెప్పువాడు అతడొక్కడే.

ఈ సున్నితమైన పరీక్ష ఇప్పుడు ఎవరికి కావలెను? జ్వరముతో మూలుగువానికి పట్టీ చాలును. దేశములో 2023 నాటికి ఏటి మలేరియా రోగులు రెండు లక్షల పైచిలుకునకు దిగినారు. 2030 నాటికి నిర్మూలింపవలెనని సంకల్పము. రోగము తక్కువైన కొలది, మిగిలినది జ్వరము లేని మనుష్యుల రక్తములో అడగియుండును. మిర్యాలగూడ ధాన్యపు మిల్లులలో బస్తాలు మోయుటకు, మేళ్ళచెరువు సిమెంటు కర్మాగారముల పనులకు దూర రాష్ట్రములనుండి కూలీలు వచ్చుచున్నారు. వారిలో అడవి సీమలనుండి వచ్చినవారును ఉందురు. వారు వ్యాధిని తెచ్చిరని నిందించుట తగదు. వారి వ్రేలినుండి ఒక బొట్టు తీసి, వారు షిఫ్టు దిగిపోవు లోపల జవాబు చెప్పి, మందు చేతిలో పెట్టగలిగిన ఆ గంటసేపటి పరీక్షకు అక్కడ విలువ ఉన్నది. ఒక దినపు కూలి పోగొట్టుకొని ఆసుపత్రి వరుసలో నిలువుమన్న అతడు రాడు. రాకుండుటలో అతని తప్పు లేదు.

మరియొక సంగతి చెప్పి ముగింతుము. దినము మార్చి దినము వచ్చు వైవాక్స్ మలేరియాలో కొన్ని పరాన్నజీవులు కాలేయములో నిద్రించుచుండును. నెలలు గడచిన పిమ్మట అవి మేల్కొని మరల జ్వరము తెచ్చును. అవి నిద్రించుచున్నంత కాలము రక్తములో జాడ యుండదు; సూక్ష్మదర్శిని గాని, పట్టీ గాని, పి.సి.ఆర్. గాని వానిని పట్టజాలవు. అందుచేతనే వైవాక్స్ ఉన్నదని ఒకమారు తేలిన రోగికి, జ్వరము తగ్గినను, పదునాలుగు దినములు ప్రైమాక్విన్ మ్రింగవలెనని చెప్పుట. ఒక ఎంజైము లోపము గలవారికి ఆ మందు ఎఱ్ఱకణములను చితుకగొట్టును గనుక ముందుగా దానికిని మరియొక నెత్తుటి బొట్టు తీయవలసియుండును. ఆ పదునాలుగు దినములలో మూడవనాటికే జ్వరము దిగి, కూలివాడు పనికి పోవును. మాత్రల పొట్లము గూటిలో మిగులును. ఇంటింటికి పోయి ఆ పొట్లమును విప్పించి లెక్క చూచుట నేటికిని ఆశా కార్యకర్త పనియే.